ఫ్యాన్ బెల్టుకు అమ్మ తీసిన కొలత

ఎమ్మిగనూరులో మా చిన్నప్పుడు... ఒకరోజు తెల్లవారుతూనే నేనూ అమ్మా షావుకారు గారి కారెక్కి ఆలూరుకు బయలుదేరాం. నాయన ఆ కారుకు డ్రైవరు. షావుకారు రైల్లో బొంబాయికి పోతూ, ఒక్కరోజు కారు వాడుకోమని తనంతట తానే అన్నాడట. ఆ సంబరంలో నాయనకు ముందురోజు అన్నం కూడా సహించలేదు...

ఆలూరులో ఆరోజు మా చిన్నమ్మ బిడ్డను ఉయ్యాలలో వేస్తున్నారు. తల్లి లేని చిన్నమ్మ మా అమ్మ చేతుల్లోనే పెరిగింది. ఆమెకు పుట్టిల్లంటే మా అమ్మే. తొలికాన్పుకు తీసుకొద్దామంటే, మా ఇంట్లో రెండు మగ్గాలు పోగా మనుషులు కాళ్ళు చాపుకునే చోటే లేదు. కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. ఆ బాధ అమ్మను లోలోపల తినేసేది. ఉయ్యాల వేళకైనా పుట్టింటి చీర పట్టుకొని చెల్లెలి పక్కన నిలబడాలని ఆమె పట్టుదల. ముహూర్తం పన్నెండు లోపల...

నిజానికి బస్సులో పోదామనే అమ్మ అన్నది. కారుండగా బస్సేమిటని నాయన ససేమిరా ఒప్పుకోలేదు. మా నాయనకు మాకంటే ఆ కారంటేనే ఒక పిసరు ప్రేమ ఎక్కువ... ఈ మాట నేను ఆయన ఉన్నప్పుడు కూడా అన్నాను లెండి.

ఆదోనిలోకి అడుగుపెట్టామో లేదో, ముందు నుంచి టప్పుమని శబ్దం. నాయన దిగి మూత ఎత్తి చూశాడు. ఫ్యాన్ బెల్టు తెగింది. ఇంజన్ ముందున్న మూడు చక్రాలను కలిపి తిప్పే పట్టీ అది. అది లేకపోతే ఫ్యాను తిరగదు, నీళ్ళు మరిగిపోతాయి.

నాయన తెగిన బెల్టు భుజాన వేసుకొని మోటారు సామాన్ల అంగడికి వెళ్ళి, అది తెరిచేదాకా కాచుకున్నాడు. అక్కడి ముసలి సాయిబూ, నాయనా పాతదాన్ని బల్ల మీద పరిచి, వెంట్రుకవాసి తేడా లేని కొత్త బెల్టు ఎంచారట. నాయన దాన్ని తెచ్చి బిగిస్తుండగా ఆలూరు బస్సు మా పక్కనుంచే వెళ్ళిపోయింది. దుమ్ము అణిగేదాకా అమ్మ దానివైపే చూసి, చీర మూటను ఒళ్ళోకి లాక్కుంది.

ఊరు దాటి మైలు పోయామో లేదో, బెల్టు కీచుమని అరవడం, ముందునుంచి ఆవిరి ఎగదన్నడం. బెల్టు బిగించాలంటే ఆ మూడు చక్రాల్లో ఒకటైన డైనమోను బయటికి జరపాలి. నాయన దాన్ని చివరిదాకా లాగాడు. అయినా బెల్టు వదులుగానే ఉండి జారిపోతోంది. ఇంజన్ చల్లారాక, నీళ్ళు పోసి, మెల్లగా మళ్ళీ అంగడికే తిరిగొచ్చాం. కొలత సరిగ్గానే ఉంది కదా అని సాయిబూ, నాయనా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

అమ్మ కారు దిగింది. బల్ల మీదున్న తెగిన బెల్టు తీసుకొని, చిరిగిన కొసను బొటనవేలితో రాసి చూసింది. నల్ల రబ్బరు లోపల తెల్లటి పోగులు. పుట్టినప్పటి నుంచి మగ్గానికి పడుగులు సాగదీసిన చేతులకు అదేమిటో చెప్పాలా...

"లోపలుండేది నూలే కదప్పా. ఇన్నేండ్లు తిరిగి తిరిగి సాగింటాది. సాగినదాని కొలతకు కొత్తది తెస్తే యాడ బిగుస్తాది?" అన్నది నాయనతో.

చీర మూటకు కట్టిన పడుగు నూలు విప్పింది. గంజి పట్టిన నూలు, లాగినా సాగదు. డైనమోను మధ్యలోకి జరపమని నాయనకు చెప్పి, ఆ నూలును మూడు చక్రాల చుట్టూ తిప్పి ముడి వేసి, ఊడదీసి సాయిబు చేతికిచ్చింది. రేపు కొత్తదీ సాగుతుంది, అప్పుడు బిగించుకోవడానికి చోటుండాలి అన్నది.

సాయిబు మేకులకున్న బెల్టులన్నీ దించి ఆ నూలు పక్కన పెట్టి చూశాడు. చివరికి మూలన వేలాడుతున్న, వేరే రకం కారు బెల్టొకటి కుదిరింది. పాతదానికంటే రెండు వేళ్ళు పొట్టి! "ఇన్నేండ్లుగా నేను పాతది సూసే కొత్తది ఇస్తాండానమ్మా" అన్నాడు సాయిబు. పాపం, ఆయన మొహం చిన్నబోయింది. మా నాయన మొహం సంగతి నేను చెప్పను...

కారు మళ్ళీ కీచుమనలేదు. కానీ ఆలూరు చేరేసరికి పన్నెండు ఎప్పుడో దాటింది. అమ్మ దారంతా చీర మూటను గుండెకు హత్తుకునే కూర్చుంది. అయిపోయి ఉంటుంది, వాకిట్లో విస్తళ్ళు ఎత్తేసి ఉంటారు అని ఒకటే మాట.

లోపలికి పోతే... ఉయ్యాల ఖాళీగా ఉంది. పూలు వాడిపోయాయి. చుట్టాలు ఆకలితో మూలుగుతున్నారు. చిన్నమ్మ ముహూర్తం దాటబెట్టిందని ఆమె అత్తగారు మొహం గంటు పెట్టుకున్నారు. నడింట్లో చిన్నమ్మ బిడ్డను ఒళ్ళో గట్టిగా పట్టుకొని కూర్చుంది. ఎవరెన్ని చెప్పినా బిడ్డను చేతుల్లోంచి ఇవ్వలేదట.

బెల్టు తెగింది, ఆలస్యమైంది అని అమ్మ ఏదో చెప్పబోయి ఏడ్చేసింది.

చిన్నమ్మ లేచొచ్చి బిడ్డను అమ్మ చేతుల్లో పెట్టింది. "నువ్వొచ్చినావు కదక్కా. ఇదే నాకు మంచి గడియ" అన్నది.

మొన్న మా మనవడు కారు బెల్టు కావాలని ఫోన్లో ఏదో నంబరు కొట్టాడు. సరిగ్గా సరిపోయేది రెండోరోజుకే ఇంటికొచ్చింది. మంచిదే, ఎవరూ ఎండలో నిలబడక్కర్లేదు... కానీ ఇప్పుడు పిలుపులన్నీ నిమిషాల లెక్కన నడుస్తున్నాయి. మనం పోయేసరికి ఫోటోలు కూడా అయిపోతున్నాయి. వాడిన పూల ముందు కూర్చొని, మా అక్క రానీ అని పట్టుబట్టేవాళ్ళు ఎవరున్నారు?

మీ కోసం ఎవరైనా అలా ఉయ్యాల ఆపి కూర్చున్నారా? ఉంటే... వాళ్ళ పేరు ఇక్కడ ఒక్కసారి రాయండి. చదువుకుంటాను.