మూడో పిలుపు

రిటైరైనా కోర్టు బంట్రోతు అంకమ్మరావు గొంతు తగ్గలేదు. నరసరావుపేటలో కవితల పోటీ పెడితే పేర్లు పిలిచేది ఆయనే. మెడదాకా గుండీలు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, కోర్టులోలాగే ఒక్కో పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకీ పలక్కపోతే పోటీలో లేనట్టే. కోర్టులో ఆ పిలుపు దాటాక పరిగెత్తుకొచ్చి, కేసు కొట్టేశారని విని మెట్లమీద కూలబడ్డవాళ్ళు ఆయనకు ఇప్పటికీ కలలోకొస్తారు. ఆ సాయంత్రం "షేక్ జమీలా, రెంటచింతల" అని రెండుసార్లు పిలిచి, కళ్ళజోడు తీసి కండువాతో తుడవసాగాడు.

"పిలవ్వయ్యా, ఇంకెంతసేపు?" అన్నాడు నిర్వాహకుడు.

"మాచర్ల బస్సు రానీండి సార్. చానా దూరం నుంచి రావాల."

హాలంతా విసుక్కుంది. ఆయన తుడుస్తూనే ఉన్నాడు. గుమ్మంలో ఒకామె రొప్పుతూ నిలబడ్డాకే కళ్ళజోడు పెట్టుకుని, ఆమె ముఖంలోకి చూస్తూ మూడోసారి పిలిచాడు.