అడ్డుతెర మీదికి దిగిన డ్రోన్

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో పరశురాం ఫొటో స్టూడియో ఉంది. ఫంక్షన్ హాలు లోపల డ్రోన్ ఎగరేయాలంటే పరశురామే ఎగరేయాలని, అంత జాగ్రత్తపరుడు ఊరంతా వెతికినా దొరకడని ఆ సందులో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ మాట చెవిన పడగానే అతను తల దించుకుంటాడు. చూసేవాళ్లు వినయం అనుకుంటారు. వినయమూ లేదు, పాడూ లేదు.

తల్లి పోయాక తమ్ముణ్ని వెంటబెట్టుకుని పల్లె నుంచి నాంపల్లికి వచ్చింది అక్క జమున. స్టేషన్ దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని, అందులో మగ్గం బిగించి, పెండ్లి జాకెట్ల మీద జరీ, పూసలు కుట్టేది. కుడిచేత్తో ఆమె సూది ఆడిస్తుంటే నెమలి కన్ను చూస్తుండగానే విచ్చుకునేది. పరశురాం కెమెరా పట్టింది ఆ చేతి కష్టం మీదే. డ్రోన్ కొన్నదీ దాని మీదే.

రెండేళ్ల కిందట చిన్నాయన భూపాల్ కూతురు సాయిసుధ పెండ్లి నాంపల్లిలోనే ఒక హాల్లో జరిగింది. జీలకర్ర బెల్లం వేళకు పెండ్లికొడుకుకూ పెండ్లికూతురికీ మధ్య పట్టే అడ్డుతెర ఒక కొసను జమున పట్టుకుంది. తెర తీయగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే క్షణాన్ని పైనుంచి తీయాలని పరశురాం పంతం.

ఇంటి కప్పు కింద డ్రోన్‌కు ఉపగ్రహాల ఊతం అందదు. కింద ఉన్న నేలను తన అడుగునున్న కెమెరా కంటితో చూసుకుంటూ నిలబడాలి. నేల నున్నటి పాలరాయి అయినా, వెలుతురు మసకగా ఉన్నా అది పక్కకు జారిపోతుంది. అందుకని రెక్కల చుట్టూ ప్లాస్టిక్ రింగులు బిగించాలి, మనుషుల నెత్తి మీదికి పోనివ్వకూడదు, వేలాడే గుడ్డల దరికి తేకూడదు. ఇవన్నీ పరశురాంకు కొట్టిన పిండే. అయినా ఆ రోజు రింగులు తీసి సంచిలో పడేశాడు. బరువు తగ్గితే బ్యాటరీ ఇంకో రెండు నిమిషాలు వస్తుంది, మంత్రాలు ఎంతకీ తెమలడం లేదు. రెండు నిమిషాలకు ఆశపడ్డాడు మహానుభావుడు.

తెర తీయబోతుండగా డ్రోన్‌ను ఇంకాస్త కిందికి దించాడు. దాని గాలికి తెర లేచి రెక్కల్లో చిక్కుకుని చినిగింది. డ్రోన్ ఒరిగి పెండ్లికూతురి తల మీదికి వస్తుంటే జమున కుడిచెయ్యి అడ్డం పెట్టింది. చూపుడువేలు నరం తెగింది.

ముహూర్తానికి తెర చినగడం కన్నా అపశకునం ఏముంటుందని ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. తెర ఎందుకు ఎత్తావని చిన్నాయన జమున మీద మండిపడ్డాడు. ఆమె తమ్ముడి వైపు ఒక్కసారి చూసింది. "నా చెయ్యే జర పైకి లేసింది చిన్నాయనా, తప్పు నాదే" అంది. పక్కనే నిలబడి ఆమె వేలికి దస్తీ చుడుతున్న పరశురాం నోరు తెరవలేదు. ఇప్పుడు గొడవెందుకు, నిదానంగా చెప్పొచ్చులే అనుకున్నాడు. ఆ నిదానానికి రెండేళ్లు పట్టింది.

వేలు మళ్లీ వంగలేదు. ఇప్పుడు మగ్గం మీద వేరే ఆడపిల్లలు కుడుతుంటే జమున పక్కన కూర్చుని చెబుతుంది. సాయిసుధ సీమంతానికి గానీ, బిడ్డను తొట్టెలో వేసిననాడు గానీ చిన్నాయన ఇంటినుంచి ఆమెకు పిలుపు రాలేదు. ఆ చెయ్యి మంచిది కాదట.

మొన్న ఆదివారం అబిడ్స్‌లో ఫొటోగ్రాఫర్లంతా కూడి, హాలు లోపల డ్రోన్ ఎట్లా నడపాలో చెప్పమని పరశురాంను కూర్చోబెట్టారు. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డ సంగతి వాళ్లకేం తెలుసు? రింగులు చేతిలో పట్టుకుని, ఇవి లేకుండా ఎగరేయొద్దని గట్టిగా చెప్పాడు. కాచిగూడలో స్టూడియో నడిపే సునంద లేచి, మీ చేతిలో ఎప్పుడైనా ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగింది.

"లేదమ్మా" అన్నాడు. చేతిలోని రింగులు బల్ల మీద పెట్టేశాడు. మిగతా పాఠం ఇంకొకరికి అప్పగించి నేరుగా నాంపల్లికి పోయాడు.

జమున ఒక్కతే ఉంది. అతను నిలబడే చెప్పాడు.

"అక్కా, ఆ దినం రింగులు నేనే తీసేసిన. తెర నువ్వు ఎత్తలే."

"నాకు ఎరుకే తమ్మీ. పైకి చూస్తే రెక్కలు బోడిగ కనవడ్డయి."

"మరి నీ మీద ఎందుకు ఏసుకున్నవ్?"

"నలుగుర్ల నీ పేరు పోవద్దని. అటెన్క నువ్వే పోయి చిన్నాయనకు చెప్తవనుకున్న."

చిన్నాయన పోయిన ఎండాకాలమే చనిపోయాడు. ఆఖరి రోజుల్లో అక్కాతమ్ముళ్లిద్దరూ దవాఖానకు పోయారు. దప్పికైతుందని ఆయన సైగ చేస్తే జమున గ్లాసు నోటి దగ్గర పెట్టింది. ఆ చేతిని చూసి ఆయన మొగం గోడవైపు తిప్పుకున్నాడు. పరశురాం మంచం పక్కనే ఉన్నాడు.

"అప్పుడన్న చెప్పుంటే," అంది జమున, "నా చేతి నీళ్లు తాగి పోతుండె."