నెల కట్టని గంట

చనిపోయిన రోజు పొద్దున మా బుచ్చయ్య చిన్నాయన చేసిన చివరి పని, టీవీ రిమోట్‌లోంచి సెల్లు పీక్కుని వెళ్లడం. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. గేటు సెన్సర్‌కు కావాలన్నాడు.

"ఇగ నేను టీవీ ఎట్ల పెట్టాలె?" అంది రుక్మిణమ్మ చిన్నమ్మ.

"లేచి పోయి బటన్ ఒత్తు. కాళ్లు లేవా?"

ఆయనకు లోకంలో ఒక్కటే గిట్టదు: నెలనెలా కట్టాల్సింది ఏదైనా. డాక్టరు బీపీ గోలీ రాసి, బతికినన్నాళ్లూ వేసుకోవాలంటే, "అంటే నెల కట్టుడే గదా" అని చీటీ అక్కడే వదిలేసి వచ్చాడు. అప్పట్నుంచి చిన్నమ్మ గోలీని అరటిపండులో దాచిపెట్టేది. కొన్నాళ్లకు ఆయన పండును ఎగాదిగా చూసి, పండ్ల బండివాడికి నెల కడుతున్నావా అని ఆమెను నిలదీశాడు.

నేను ఆ ఇంట్లోనే పెరిగాను. మా వీధి శంషాబాద్ హైవేను ఆనుకునే ఉంటుంది. బైకులు మాయమవుతుంటే కెమెరా పెడదామని పట్టుబట్టాను. చిన్నాయన నన్ను దుకాణాలన్నీ తిప్పాడు. ఆఖరి దుకాణంలో మల్లేశ్వర్ అనే ఆయన, వీడియోలన్నీ కంపెనీ దగ్గర భద్రంగా ఉంటాయని, నెలకు కొంత కడితే చాలని చెప్పాడు. నెత్తి మీద విమానం చప్పుడు తగ్గేదాకా చిన్నాయన ఓపిక పట్టాడు.

"నా గేటు బొమ్మ వానింట్ల ఎందుకు? లోపల కార్డు ఏసేది లేదా?"

"ఉంది, బాపు."

"నేను పోయినంక నడుస్తదా? కట్టెటోడు లేకున్నా?"

మల్లేశ్వర్ నా మొహం చూశాడు. "వారంటీ అయితే ఏడాదే, బాపు."

కార్డు కెమెరా ఒకటి, గేటు తెరిస్తే హాల్లో గంట మోగించే సెన్సర్ల జత కొన్నాడు. జత ఎందుకంటే, ఒకటి పాడైతే ఇంకోటి అన్నాడు.

కెమెరా బాగానే పనిచేసింది. గంటే పరువు తీసింది. మా గేటు మూసి ఉన్నా మోగేది. నెల కట్టని గంట గట్లనే మోగుతదని చిన్నమ్మ దెప్పేది. చిన్నాయన మాత్రం కలిపిన ముద్ద కంచంలోనే వదిలి బయటికి ఉరికేవాడు. వెళ్లినవాడు ఊరుకోడు, పక్కింటి అనంతమ్మతో తగాదా పెట్టుకునేవాడు. "మీ యాపాకులు మా వాకిట్ల పడుతున్నయ్, అక్కా. ముందు గిది ఊడ్చి ఎటన్న పో."

ఆమెకా మతిమరుపు. ఒకసారి హైవే మీద లారీల మధ్యదాకా నడిచిపోయింది. తల్లిని వదిలి వెళ్లలేక కూతురు మాధవీలత ఎయిర్‌పోర్టు ఉద్యోగం మానేద్దామా అనుకుంటోంది. అలాంటి మనిషితో ఆకుల పంచాయితీ ఏమిటని మేం సిగ్గుతో చచ్చేవాళ్లం.

కర్మలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం గంట మోగింది. మా గేటు మూసే ఉంది.

"పీకి అవతల పారెయ్, రాఘవా," అంది చిన్నమ్మ.

ప్లగ్గు మీద చెయ్యి వేసి, కిటికీలోంచి చూశాను. పక్కింటి గేటు బార్లా తెరిచి ఉంది. అనంతమ్మ హైవే వైపు నడుస్తోంది.

పరుగెత్తి అడ్డం నిలబడ్డాను. ఏమనాలో తోచలేదు. "అత్తమ్మా, మీ యాపాకులు మా వాకిట్ల పడుతున్నయ్."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "గా మాట బుచ్చయ్య అంటడు. నువ్వెవరు అననీకి?" అని గొణుగుతూనే చీపురు కోసం వెనక్కి తిరిగింది.

ఆమె వెనకాల గేటు వేస్తుంటే, లోపలి వైపు అంటించిన చిన్న తెల్ల డబ్బా కనిపించింది. మూత తీశాను. లోపల రెండు సెల్లు. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది.