లాగు, వదులు

మా పిన్ని వేళ్లు ఎప్పుడు చూసినా నానిపోయి ఉంటాయి. రోజంతా సబ్బునీళ్లలో పని కాబట్టి కొసలు ముడతలు పడి, అప్పుడే స్నానం చేయించిన పసిపిల్ల వేళ్లలా తెల్లగా ఉంటాయి. మా చంటిదాన్ని ఎత్తుకునే ముందు రెండు చేతులూ బట్టలకు తుడుచుకుని, ఊదుకుని, వెచ్చబడ్డాయో లేదో తన చెంపకే ఆనించి చూసుకుంటుంది.

ఆమె పని కార్లకు ఫిల్మ్ అతికించడం. రాయి తగిలినా, కొమ్మ గీరినా రంగు పోకుండా కారు ఒంటిని చర్మంలా అంటుకుని ఉండే పారదర్శకమైన పొర అది. సరిగ్గా అతికితే అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదు. "మా పని కనపడకపోతే మెచ్చుకోరు, కనపడితే తిడతారు. కోడలి పనిలాంటిదే," అంటుంది పిన్ని.

బాబాయిది మొదట్లో కుంచె పని. బండ్ల మీద నంబర్లూ పేర్లూ రాసేవాడు. మోటారు సైకిలు ట్యాంకు మీద స్కేలు లేకుండా, దారం లేకుండా, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో చార గీసేవాడట. అందుకే మా ఇంట్లో ఆయన చారల బాబాయి. పిన్ని అప్పట్లో బట్టలు కుట్టేది. తన దుకాణానికి బోర్డు రాయించుకుని, తీరా చూసి, "మూడో అక్షరం కుంటుతోందండీ," అందట. ఆయనకు ఒళ్లు మండి, దారం కట్టి చూపించబోయాడు. నిజంగానే కుంటుతోంది.

"తప్పు పట్టడానికే వచ్చింది మీ పిన్ని. ఇప్పటిదాకా ఇంకో పని పెట్టుకోలేదు," అనేవాడు మాతో.

"మరి పెళ్లెందుకు చేసుకున్నావు బాబాయ్?"

"ఇంకోడైతే తట్టుకోలేడని జాలిపడ్డానమ్మా."

కుంచెలు పోయి స్టిక్కర్లు వచ్చాయి. తర్వాత ఫిల్మ్ వచ్చింది. ఆ మార్పులన్నిటిలో ఇద్దరూ జంటగానే మారారు. వంపు మీద బట్ట ఎంతవరకు సాగుతుందో, ఎక్కడ ఇక నావల్ల కాదంటుందో పిన్నికి కుట్టుపనే నేర్పింది. గీత ఎక్కడ పక్కకు పోతోందో బాబాయి కంటికి పుట్టుకతోనే తెలుసు.

బానెట్ మీద ఫిల్మ్ వెయ్యాలంటే ఇద్దరు కావాలి. చెరో వైపూ నిలబడి, తడిపిన పొరను దుప్పటిలా పట్టుకుని మెల్లగా దించుతారు. పిన్ని తల వంచి ఒక చేత్తో పొర అంచు పట్టుకుని, రెండో చేత్తో రబ్బరు బద్ద నడుపుతూ నీళ్లు బయటికి తోస్తుంది. బాబాయి అవతలి అంచు పట్టుకుని, మోకాళ్ల మీద వంగి, వెలుతురు ఆ పొర మీద ఎలా విరుగుతోందో పక్క నుంచి చూస్తూ చెప్తాడు. మొత్తం పనికి రెండే మాటలు. లాగు. వదులు. లాగకపోతే వంపు దగ్గర ముడత నిలుస్తుంది. అతిగా లాగితే పొర తెల్లబడి, ఎన్ని ఎండలు తగిలినా పోని చారికలు పడతాయి. పిన్ని తలెత్తేది కాదు. ఆ మాట ఆమె చెవిలో పడటమూ చెయ్యి కదలడమూ ఒకటే.

నిరుడు ఒక ఉదయం మొహం కడుక్కుంటూ బాబాయి కింద పడిపోయాడు. మెదడులో ఎడమవైపు నెత్తురు గడ్డకట్టింది. చచ్చుబడిన కుడిచెయ్యి నెమ్మదిగా దారికొచ్చింది. గ్లాసు పట్టుకున్నాడు, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. మాట మాత్రం చెడింది. అనాలనుకున్న మాట ఉన్నచోటే ఉండిపోయి, దాని పక్కింటి మాట బయటికి వచ్చేది. టీ అడగబోయి కాఫీ అనేవాడు. తలుపు వెయ్యమనబోయి తియ్యమనేవాడు. మనం చెప్పేదంతా ఆయనకు అర్థమయ్యేది. తన నోటి నుంచి వేరే మాట జారిందనీ తెలిసేది. దాన్ని సరిదిద్దుకోవడమే చేతనయ్యేది కాదు. నేను చదువుకున్న వైద్యం పుస్తకాల్లో ఈ జబ్బుకు పేరుంది, మెదడు బొమ్మ మీద దానికొక చోటుంది. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరికీ ఉపయోగపడలేదు.

"ఇన్నేళ్లూ నా మాట ఈయన వినలేదు. ఇప్పుడు ఈయన మాట ఈయన నోరే వినట్లేదు," అని పిన్ని ఆటపట్టించేది. బాబాయి నవ్వేవాడు. మా చంటిదానికి అప్పటికి రెండేళ్లు దాటినా "అమ్మ" తప్ప ఇంకో మాట రాలేదు. దాన్ని చూసి, "ఈ కొంపలో మాటల బరువంతా నా ఒక్కదాని నెత్తినే పడిందే తల్లీ," అనేది. నేనూ నవ్వేదాన్ని, పైకి.

రానురాను బాబాయి మాట్లాడటం తగ్గించాడు. తప్పు వస్తుందేమోనని ముందే ఊరుకునేవాడు. వేలు చూపించడం, తల ఊపడం, అంతే. మాటలు నేర్పే ఒకావిడ వచ్చి వెళ్తుండేది. ఆమె పిన్నిని పక్కకు పిలిచి చెప్పింది.

"వాడని మాట తుప్పు పడుతుందండీ. ఇలాగే వదిలేస్తే ఉన్నవీ పోతాయి. అంకెలు, తిట్లు, పనిలో రోజూ అనే మాటలు, ఇవి ఆలోచించకుండా వచ్చేస్తాయి చూడండి. అక్కణ్నుంచి మొదలుపెట్టండి."

పిన్ని ఆ మాట పట్టుకుంది. ఒక ఆదివారం మిగిలిన ఫిల్మ్ ముక్క తెచ్చి, ఇంట్లో ఫ్రిజ్ తలుపు తడిపి, "రండి, పట్టుకోండి," అంది. బాబాయి అంచు పట్టుకున్నాడు. వంగాడు. పక్క నుంచి చూశాడు.

"లాగు," అన్నాడు. పాత గొంతు. "వదులు. లాగు. ఊఁ... వదులు."

ఒక్క మాటా తప్పు పోలేదు. ఫ్రిజ్ తలుపు మీద చిన్న బుడగ కూడా లేదు. పిన్ని ఫ్రిజ్ వైపే తిరిగి, ఆరిపోయిన తలుపును మళ్లీ మళ్లీ తుడిచింది.

మర్నాడే తాము పనిచేసే షెడ్డుకు వెళ్లి, బాబాయిని మళ్లీ పనికి రానివ్వమని ఓనరును అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. బాబాయి పడిపోయిన దగ్గర్నుంచి పిన్నికి చిన్నచిన్న పనులే ఇస్తూ ఆమె చోటు ఆమెకు అట్టేపెట్టాడు. ఆ వారం పళ్ల డాక్టరు ఒకాయన స్పోర్ట్స్ కారు రానుంది. నీలం రంగుది. బానెట్ మీద రెండు తెల్ల చారలు, ఒక పందెం నంబరు అతికించి, దాని పైన ఫిల్మ్ వెయ్యాలి.

"సరేనమ్మా, ఈ కారుకి తీసుకురా. బాగా కుదిరితే ఎప్పట్లాగే ఇద్దరూ రండి. కుదరకపోతే మళ్లీ నన్ను అడక్కు. నువ్వొక్కదానివే రా," అన్నాడు.

బాబాయికి స్కూటరు నడపడం కుదరదు కాబట్టి ఆ రోజులన్నీ నేనే ఇద్దర్నీ నా కారులో దింపాను. మొదటి రోజు చారలు. బానెట్‌ను కడిగి, స్పిరిటుతో తుడిచి, నీళ్లు చల్లి, పిన్ని కత్తిరించిన చారల్ని పైన పరిచింది. బాబాయి దూరంగా నిలబడి, ఒక కన్ను మూసి, చిటికెన వేలు కొంచెం ఎడమకు జరిపాడు. పిన్ని అంతే జరిపింది. మళ్లీ వేలు. మళ్లీ జరిపింది. డాక్టరు వచ్చి చూసి, "మెషీన్‌తో అతికించారా?" అని అడిగాడు.

"మెషీనేనండీ, కాకపోతే కాస్త పాతది," అని పిన్ని మొగుడి వైపు చూపించింది.

డాక్టరు వెళ్లాక, "పళ్లు పీకేవాడికి ఇంత వేగం కారు ఎందుకంటారు? పీకింది వేరే పన్నని తెలిసేలోపు పారిపోవడానికా?" అంది. బాబాయి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ రోజు ఇంటికి వెళ్తూ దారిలో షాపుల బోర్డులన్నీ చదివాడు. సగం తప్పే చదివాడు. అయినా చదివాడు.

రెండో రోజు ఫిల్మ్. వాళ్లను దింపి నేను వెళ్లిపోవాల్సింది. వెళ్లలేకపోయాను. భుజం మీద నిద్రపోతున్న చంటిదాన్ని వేసుకుని గుమ్మం పక్కనే నిలబడ్డాను. ఓనరు పక్క కారు దగ్గర ఏదో సర్దుతున్నట్టు ఉన్నాడు, చెవి మాత్రం ఇటే.

పొర దిగింది. మధ్యభాగం చక్కగా కూర్చుంది. బాబాయి మొహం మాత్రం ఫ్రిజ్ దగ్గర ఉన్నట్టు లేదు. ప్రతి మాటకు ముందు ఆగుతున్నాడు. పెదాలు ఒకసారి ఉత్తినే కదిలి, తర్వాత శబ్దం వస్తోంది. మాట తప్పకూడదని దాన్ని ముందే నోట్లో సరిచూసుకుంటున్నాడు. ఆలోచిస్తున్నాడు. ఆలోచించకుండా వచ్చే మాటలకు ఆలోచన అడ్డుపడుతోందని నాకు అర్థమైంది కానీ, అక్కడ నేను నోరు తెరిచి చెయ్యగలిగింది ఏమీ లేదు.

హెడ్‌లైటు పక్కన బానెట్ కిందికి తిరిగే వంపు ఉంది. పిన్ని పొరను దాని మీదికి తీసుకొచ్చింది. వెలుతురు కింద పొర తెల్లబడటం గుమ్మం దగ్గర నాక్కూడా కనపడింది. బాబాయి నోరు తెరిచాడు.

"లాగు."

పిన్ని లాగింది.

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. తల అడ్డంగా ఊగింది. "లాగు!" అన్నాడు మళ్లీ. మెడ నరాలు ఉబ్బాయి. "లాగు! లాగు!"

తల వంచి ఉన్న పిన్నికి ఆ మొహం కనపడదు. ఆమె కాలు తన్నిపెట్టి బలంగా లాగింది. పొర అటు నుంచి చప్పుడు చేస్తూ లేచింది. దానికి అంటుకుని, నిన్న అతికించిన తెల్లచార బానెట్ మీద నుంచి బెత్తెడు మేర ఊడివచ్చి, మెలిపడి, దానిలో అదే అతుక్కుపోయింది.

బాబాయి చేతిలోని అంచు వదిలేశాడు.

ఓనరు వచ్చి నిలబడ్డాడు. ఆయన నోరు తెరవకముందే పిన్ని, "నాదేనండీ తప్పు. చెయ్యి జారింది. ఆయన వదలమనే అన్నారు," అంది.

బాబాయి గుండె మీద కొట్టుకుంటూ కాదు కాదని చెప్పబోయాడు. "అవును," అన్నాడు. "అవును, అవును." అని, ఆ వచ్చిన మాట విని, అరచేత్తో నోరు మూసుకున్నాడు.

"నేను విన్నానమ్మా," అన్నాడు ఓనరు మెల్లగా. కుర్చీ తెప్పించి బాబాయిని కూర్చోబెట్టాడు. చల్లటి నీళ్లిచ్చాడు. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండునేమో, బాబాయికి ఏదైనా అనడానికి అవకాశం దొరికేది.

బాబాయిని ఇంట్లో దించి, మందులు తేవడానికి పిన్నీ నేనూ బయటికొచ్చాం. మందుల షాపు ముందు కారు ఆపాక కూడా ఆమె దిగలేదు.

"నాకు తెలుస్తూనే ఉందే," అంది. "తెల్లబడుతోంది. ఇంకొక్క గుంజుకి పోతుందని వేళ్లు చెప్తూనే ఉన్నాయి. ఎవరో కొత్తవాళ్లు లాగమంటే నోరు మూసుకోమనేదాన్ని. ఆయన లాగు అన్నాక ఎలా వదులుతాను చెప్పు?"

చంటిది లేచి ఏడుపు మొదలుపెట్టింది. పిన్ని దిగి వెళ్లి మందులు తెచ్చింది.

ఇప్పుడు పిన్నికి జోడీగా షెడ్డులో ఒక అమ్మాయి పని చేస్తోంది. చురుకైనదట. మాటలతో పని లేకుండా, గోడకు పెద్ద అద్దాలు బిగించి ఎవరి వైపు వాళ్లే చూసుకుంటారట. డాక్టరు కారు మళ్లీ మొదటి నుంచి చేసిచ్చారు. బాబాయి ఇంట్లోనే ఉంటున్నాడు. మాటలు నేర్పే ఆవిడ వస్తే కూర్చుంటాడు, ఆమె చూపించిన బొమ్మలన్నీ చూస్తాడు. అనడు.

మొన్న చంటిదీ నేనూ వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. నలుగురం కూర్చున్నాం. బాబాయి ముద్ద నోట్లో పెట్టుకుని, ఆగి, ఏ కళనున్నాడో, మామూలుగా, "ఉప్పు," అన్నాడు.

ఎన్నాళ్లకో వచ్చిన మాట. నేను తల తిప్పి పిన్ని వైపు చూశాను. ఆమె చెయ్యి అప్పటికే ఉప్పు డబ్బా మీద ఉంది. దాన్ని ఎత్తబోయి, ఎత్తకుండా, ఆయన కళ్లలోకి చూసింది.

"ఉప్పేనా అండీ?" అని అడిగింది.

బాబాయి తల వంచుకుని, కంచంలో ఉన్నది ఉన్నట్టే తినడం మొదలుపెట్టాడు.