‘నీ ఇష్టం’ అన్న మాట

జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో పార్టీ గొడవలు ముదిరిన రోజుల్లో ‘నీ ఇష్టం’ అనే మాట వింటే జనం జంకేవాళ్లు. ఒకసారి ఎన్నికల ముందు ఒక పార్టీ నాయకుడి మనుషులు మా ఇంటికి వచ్చి, పోలింగ్ బూతులో తమ తరఫున ఏజెంటుగా కూర్చోమని నాయనను అడిగారు. నాయన గొర్రెలు మేపుకునేవాడు, ఏ పార్టీలోనూ లేడు.

“నాకెందుకప్పా ఇయ్యన్నీ?” అన్నాడు.

“బలవంతమేం లేదు మామా. నీ ఇష్టం,” అంటూ వాళ్లలో ఒకడు మా గొర్రెల దొడ్డి వైపు చూశాడు. పోలింగ్ రోజు నాయన బూతులో కూర్చున్నాడు. ఆ తర్వాత చాలాకాలం అవతలి పక్షం వాళ్లు ఆయనతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు పులివెందుల నుంచి నాకు సంబంధం వచ్చింది. వాళ్లు చూసి వెళ్లాక నాయన నన్ను పిలిచి, “నీ ఇష్టం పాపా,” అన్నాడు. అబ్బాయి నాకు నచ్చలేదు. అయినా ఆ మాట చెవిన పడగానే సరేనని తలూపాను.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. “ఏంది, అట్ల భయపడతాండావు? మీ నాయన నిజంగానే అడుగుతాండాడు. వద్దనుకుంటే వద్దని చెప్పు.”

నాయన తుండుతో ముఖం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

“వద్దు నాయనా,” అన్నాను చివరికి.

ఆయన కారణం అడగలేదు. మర్నాడు బస్సెక్కి పులివెందుల పోయి, పిల్లకు ఇష్టం లేదని చెప్పి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. వాళ్లు మంచినీళ్లయినా ఇవ్వలేదని అమ్మతో అని, గొర్రెలను దొడ్డికి తోలడానికి వెళ్లాడు.