నిమ్మకాయల మధ్య ఎనిమిది

ఎదురింటి పెద్దమ్మ పోయింది. ఆ ఆదివారం పొద్దున కారు తుడిచి, ముందూ వెనకా ఎర్రటి ఎల్ బోర్డులు సరిచూసుకుని, ఎప్పటిలాగే ఆమె కోసం హారన్ కొట్టాను. "వస్తున్ననే, వాడకట్టంత లేపుతవా?" అంటూ కొంగు దోపుకుంటూ వచ్చే మనిషి రాలేదు. ఆమె భర్త, పెద్దబాపు, వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. "పోయింది బిడ్డా. నిద్రలనే పోయింది" అన్నాడు. నా చెయ్యి ఇంకా హారన్ మీదే ఉంది.

ఆమె నాకు చుట్టం కాదు. పటేల్‌గూడలో మేం ఇల్లు కొనుక్కున్నప్పటి నుంచి ఎదురిల్లు, అంతే. ఆమె పుట్టిల్లు గుమ్మడిదల దగ్గర పల్లె. పొలంలో ట్రాక్టర్‌తో మొదలుపెట్టి, తర్వాత కారు లైసెన్సూ తీసుకుంది. పెద్దబాపు మాత్రం ఉద్యోగమంతా కంపెనీ బస్సులోనే వెళ్లొచ్చాడు. సైకిల్ తప్ప ఇంకేదీ నడపలేదు.

నేను సంగారెడ్డిలో కాలేజీలో పాఠాలు చెప్తాను. ఏ విషయానికైనా రెండు పక్కలూ చూడడం నా అలవాటు. క్లాసులో అది పనికొస్తుంది, నాలుగు రోడ్ల కూడలిలో కాదు. వెనక లారీలు హారన్లు కొడుతుంటే నేను ఇంకా కుడీ ఎడమా చూస్తూనే ఉంటాను. మొదటి లెర్నర్ లైసెన్స్ ఆరు నెలల గడువు టెస్టుకు వెళ్లకుండానే ముగిసింది. రెండోది తీసుకున్నాక మా ఆయన పక్కన కూర్చుని నేర్పించబోయాడు. వారం తిరక్కుండా ఇద్దరికీ మాటలు బందయ్యాయి.

అప్పుడు పెద్దమ్మ వచ్చి ఎడమ సీట్లో కూర్చుంది. "నేనుంట పక్కకు. గని ఒక్కటే షరతు. ఎల్ పీకేసిన్నాడు నన్ను మా అమ్మగారింటికి తీస్కపోవాలె. బస్సులల్ల తిరిగి తిరిగి యాష్టకొచ్చింది."

ఖాళీ ప్లాట్ల మధ్య ముగ్గుపిండితో, టెస్టులో తిప్పమనే ఎనిమిది అంకెను పెద్దగా వేసింది. వంపుల దగ్గర ఆమె పెరట్లో కాసిన నిమ్మకాయలు పెట్టింది. "రాయి పెడితే టైర్ ఖరాబైతది. నిమ్మకాయైతే నలిగి వాసనొస్తది, తప్పు నీకే తెలుస్తది." నలగని కాయలు పచ్చడికి పోతాయని చెప్పింది. మొదటి రోజు పచ్చడి లేదు.

మర్నాడు లేఅవుట్ వాచ్‌మన్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "అమ్మా, ప్లాట్లల్ల ఎవరో చేతబడి చేసిండ్రు! గింత పెద్ద ముగ్గు, పలిగిన నిమ్మకాయలు! నేనైతే అటు దిక్కు పోను."

పెద్దమ్మ నన్ను చూపించింది. "చేసింది ఈమెనే."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏం మంత్రం మేడం?"

"రివర్స్ గేర్" అంది పెద్దమ్మ.

నియమాల దగ్గర మాత్రం నవ్వులాట లేదు. ఒకసారి పాల ప్యాకెట్ కోసం వీధి చివరిదాకా ఒక్కదాన్నే వెళ్లొస్తానని ఇంజన్ స్టార్ట్ చేశాను. కారుకు అడ్డంగా నిలబడింది. "నేను పక్కకు లేకుంట పోయి ఎవరికన్న తాకిస్తే? లైసెన్స్ ఉన్న మనిషేది అంటరు ఇన్సూరెన్సోళ్లు. పాల పాకిట్ చూపిస్తవా?"

మొదట్లో హ్యాండ్‌బ్రేక్ మీది చెయ్యి తీసేదే కాదు. కొన్ని వారాలకు ఆ చెయ్యి ఒళ్లోకి వెళ్లింది. ఇంకొన్నాళ్లకు, నేను ఎనిమిది చుట్టూ తిరుగుతుండగానే, గురక.

"పెద్దమ్మా! మీరు నిద్రపోతే ఎట్లా?"

"నేను పండుకుంటే ఏందే, లైసెన్స్ మేల్కొనే ఉన్నది. నువ్వు నడుపు."

అది నా మీద నమ్మకమా, ఇంటి చాకిరీ అలసటా? ఎన్నిసార్లు ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. అడిగితే ఏమంటుందోనని అడగనూ లేదు.

ఆమె పోయాక కారు మీద గుడ్డ కప్పేశాను. రెండో లెర్నర్ గడువు కూడా దగ్గరపడింది. పోనీలే అనుకున్నాను. పుట్టింటికి తీసుకెళ్తానని నేను ఎవరికి మాట ఇచ్చానో ఆ మనిషే లేదు కదా.

పెద్దకర్మ అయ్యాక ఒక పొద్దున పెద్దబాపు సంచీ నిండా నిమ్మకాయలతో వచ్చాడు. "లే బిడ్డా. ఆమె ఉంటే ఊకుంటుండెనా?" అన్నాడు. జీవితంలో మొదటిసారి ముగ్గు వేశాడు. ఎనిమిదిలో ఒక సున్నా గుమ్మడికాయంత, ఇంకొకటి గోలీకాయంత. మా ఆయన ఎడమ సీట్లో పెదాలు బిగబట్టుకుని కూర్చున్నాడు. తిరిగి తిరిగి ఆపాక కిటికీ దించి గాలి పీల్చాను. ఎక్కడా నిమ్మకాయ వాసన రాలేదు.

ఆ వంకర ఎనిమిది తర్వాత సంగారెడ్డిలో టెస్ట్ ట్రాక్ చాలా విశాలంగా కనిపించింది. పాసయ్యాను. నమ్మలేక, నిజమేనా అని అక్కడి ఇన్‌స్పెక్టర్‌ను మళ్లీ అడిగాను కూడా.

లైసెన్స్ చేతికొచ్చిన రోజున ఎల్ బోర్డులు పీకేశాను. పెద్దబాపు తెల్ల చొక్కా వేసుకుని, ఒక సీసా పట్టుకుని వచ్చాడు. నలగకుండా మిగిలిన కాయలతో పెద్దమ్మ పెట్టిన పచ్చడి. పుట్టింటి పల్లెలో ఉన్న ఆమె చెల్లెలికి ఇవ్వాలట.

"ఇగ ఈ సీట్ల ఎవరన్న కూసోవాలెనని రూల్ లేదు గద?"

"లేదు పెద్దబాపూ."

"అయితే నేను ఉత్తగనే కూసుంట."

గుమ్మడిదల దారి నిండా లారీలు. కూడలి దగ్గర కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను, కదిలాను. మలుపు దాటాక పక్కకు చూస్తే పెద్దబాపు తల కిటికీకి ఆని ఉంది. రెండు చేతులూ సీసా చుట్టూ ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక.

ముందు ఒక గేదె తాపీగా రోడ్డు దాటుతోంది. అది దాటేదాకా ఆగాను. హారన్ కొట్టలేదు.