మా బావ పాట రిలీజైన శుక్రవారం

మొన్నొక పూట విజయనగరంలో కోట దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే జేబులో ఫోను కిచుమంది. తీసి చూస్తే, ఈ వారం నా కోసం కొత్త పాటలు విడుదలయ్యాయట, వినమంటోంది. ఎలక్ట్రానిక్ అట, ఇండీ అట. ఇండీ అంటే ఏమిటో నిఘంటువులో వెతికాను గాని నాకు కావలసిన అర్థం దొరకలేదు. ఏ కంపెనీ దన్నూ లేకుండా ఎవడి పాట వాడే చేసుకుని వాడే జనంలోకి వదలడమని మా మేనల్లుడు ఒకప్పుడు చెప్పాడు. ఆ లెక్కన మా వైపు ఊడ్పుల్లో పాడిన ఆడవాళ్లందరూ ఇండీలే, వాళ్లకెవరూ ఆ బిరుదు ఇవ్వలేదు. ఈ శుక్రవారం కబుర్లు ఫోనులో పెట్టింది మా మేనల్లుడే. ఆపడం నాకు చేతకాదు, ఆపమని వాణ్ణి అడగడానికి నోరు రాదు.

నరసన్నపేటలో నాకు క్యాసెట్ల కొట్టు ఉండేది. మాది సముద్రం మీద వేటకెళ్లే ఇల్లే గాని, పడవెక్కితే నాకు వాంతులు. అందుకని మా నాన్న నన్ను గట్టు మీదే వదిలేశాడు. ఏడో తరగతితో బడి ఆగింది. తరవాతి చదువంతా గ్రంథాలయం బల్ల మీదా, ఆ కొట్టు గల్లా వెనకా సాగింది. కొత్త క్యాసెట్టు వస్తోందంటే బస్సు దగ్గరికి నేనే వెళ్లి పార్శిలు దించుకునేవాణ్ణి. పైనున్న పల్చటి పొర బ్లేడుతో కోస్తే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమనేది. ఆ రోజంతా కొట్లో అదొక్కటే మోగేది. సాయంత్రానికి ధాన్యం బళ్లవాళ్లు కూడా ఆ పల్లవి పట్టుకుని ఊరు దాటేవారు. కొత్తదనానికి అప్పుడు కాస్తో కూస్తో ఆయుష్షుండేది. ఇప్పుడు శుక్రవారం పుట్టిన పాట వచ్చే శుక్రవారానికి ముసలిదైపోతోంది. కని పారేయడమే గాని పెంచే ఓపిక ఎవరికీ లేదు. ఇంత ఒళ్లు మండి రాస్తున్నానంటే కారణం మా బావ.

మా అక్కను శ్రీకాకుళం అవతల సముద్రపు ఒడ్డు పల్లెకు ఇచ్చారు. ఆ ఒడ్డున అలివి వల లాగాలంటే పాట ఎత్తేది మా బావే. అలివి వలంటే పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ వేసి వచ్చి, రెండు కొసలూ పట్టుకుని ఊరంతా ఒడ్డు నుంచి లాగే వల. ఒకడు పాట ఎత్తుతాడు, తక్కినవాళ్లు అందుకుని లాగుతారు. ఎత్తేవాడి కళ్లు కెరటం మీద ఉండాలి. కెరటం ఒడ్డుకు వస్తున్నప్పుడు లాగాలి, వెనక్కి తీస్తున్నప్పుడు కాళ్లు ఇసకలో దిగేసి బిగబట్టి నిలవాలి. ఆ నిలిచినప్పుడే ఊపిరి తీసుకోవడం. కెరటాలన్నీ ఒక్క కొలతన రావు గనక పాటలో ఆ జాగా ఒకసారి పొడుగు, ఒకసారి పొట్టి. కుర్రతనంలో తాడు తెగి కొట్టి మా బావ ముక్కు వంకరపోయింది. అందుకని ఆ జాగాలో ఆయన ఊపిరి తీస్తే సన్నటి ఈల వినిపించేది. నిద్రలోనూ అదే ఈల. కొత్తగా కాపరానికి వెళ్లిన రోజుల్లో ఇంట్లో పిల్లి దూరిందనుకున్నానని మా అక్క చెప్పి నవ్వేది.

వాళ్ల కొడుకే మా మేనల్లుడు. వాడు ఎచ్చెర్లలో చదివి, విజయనగరంలో ఉద్యోగం చేస్తూ, గదిలో కంప్యూటరు ముందేసుకుని ఎలక్ట్రానిక్ పాటలు కట్టేవాడు. ఫోన్లలో ఇంటర్నెట్టు చవకైన కొత్తలో, నాన్న గొంతుతో ఒక పాట చేస్తానని మైకూ తీగలూ పట్టుకుని ఊరికి వచ్చాడు. నన్నూ రమ్మన్నాడు, వెళ్లాను. తీరా కూర్చోబెడితే మా బావ పాడనన్నాడు. చేతిలో తాడు లేకుండా ఆ పాట ఎత్తరు. ఎత్తితే వల ఖాళీగా వస్తుందని వాళ్ల నమ్మకం. అలివి వల మూలపడి అప్పటికే ఏళ్లయింది, అయినా ఆ పట్టింపు పోలేదు. చివరికి పెరట్లోకి మోకుతాడు తెచ్చి ఒక కొస ఆయన పట్టుకుని, రెండో కొస నా చేతిలో పెట్టాడు. "బావా, నువ్వు సముద్రానివి. ఊరికే నిలబడిపోకు, లాగు" అన్నాడు. లాగాను. ఆయన పాట ఎత్తి ఒక్క గుంజు గుంజేసరికి ఎండబెట్టిన నెత్తళ్ల చేపల మీద బోర్లా పడ్డాను. మా అక్క కత్తిపీట ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. చెవులకు డిప్పలు పెట్టుకున్న మేనల్లుడు, నవ్వితే మైకులో పడుతుందని అందరికీ దండాలు పెట్టాడు. లేచి మళ్లీ సముద్రమయ్యాను. ఆయన నన్నే కెరటంగా చూస్తూ, నేను గుంజినప్పుడు ఆగి, ఆ ఈల తీసి, వదిలినప్పుడు లాగుతూ పాట మొత్తం పాడాడు.

కొన్నాళ్లకు ఆ పాట ఒక శుక్రవారం రిలీజైంది. ఏదో పట్నంలో ఇంటర్నెట్టు పత్రికవాడు ఇందులో సముద్రపు ఆత్మ ఉందని ఇంగ్లీషులో రాశాడు. అతనెన్నడూ తాడు పట్టి ఉండడు. మేనల్లుడు ఊరికి వచ్చి చిన్న స్పీకరులో అందరికీ వినిపించాడు. ముందు గుండెల మీద రుబ్బురోలు పొత్రం దొర్లినట్టు దబదబలు, వాటి మీద మా బావ గొంతు, గడియారం ముల్లులా ఎక్కడా ఆగకుండా. బావ తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"ఇందల ఊపిరెక్కడ తీసుకోవాలిరా? ఈ పాటకి వల లాగితే జనం సచ్చిపోతారు."

"ఇది వల లాగడానికి కాదు నాన్నా, వినడానికి," అన్నాడు వాడు. ఆగిన జాగాలు దరువుకు కుదరక ఒక్కొక్కటీ కత్తిరించానని చెప్పాడు.

"మరి కోసీసినవి ఏటి సేసావు?"

వాడు నవ్వేశాడు. కంప్యూటరులో చోటు చాలక, తరవాతి శుక్రవారానికి కట్టే పాట కోసం అసలు రికార్డింగు మొత్తం చెరిపేశాడట. మేమూ నవ్వాం. ఊపిరిని దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

మరుసటి వానల్లో మా బావ జ్వరంతో పోయాడు. దినాలు ముగిశాక మా అక్క ఆ పాట పెట్టమని అడిగింది. ఫోను చెవికి ఆనించుకుని వింది, మళ్లీ పెట్టించుకుంది. నన్ను దగ్గరికి పిలిచి మెల్లిగా అంది: "తమ్ముడా, మీ బావ ఇందల ఊపిరి తీడంనేదు. నాకు బయమేస్తంది."

ఆ మాట మేనల్లుడు విన్నాడు. కంప్యూటరును విశాఖపట్నం మోసుకెళ్లాడు. చెరిగిపోయినవి తిరిగి తెచ్చేవాళ్లున్నారని ఎవరో చెప్పారు. వాళ్లు తవ్వి చూసి, దాని మీద వేరే పాటలు పడిపోయాయి, ఇక రాదన్నారు. వాడు కొన్నాళ్లు ఊరి ముఖం చూడలేదు. తరవాత ఒక మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, కత్తిరించగా మిగిలిన గొంతు మీంచి దబదబలన్నీ తీసేసిన పాట తల్లికి వినిపించాడు. ఉత్త గొంతు. మధ్యలో జాగాలున్నాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. వాటిలో సన్నటి ఈల కూడా ఉంది. పోయింది దొరికిందనే అనుకున్నాను. మా అక్క కళ్లు మూసుకుని వింటోంది. రెండో ఈలకే కళ్లు తెరిచింది.

"ఈ ఊపిరి ఎవులిది?"

వాడు నేల చూపులు చూశాడు. "నాదేనమ్మా" అన్నాడు. ముక్కు ఒక పక్క వేలితో నొక్కిపెట్టి తీశాడట.

మా అక్క కోప్పడలేదు, ఏడవలేదు. ఫోను వాడి చేతిలో పెట్టి వాడి తల నిమిరింది. "నీది నా కాడ ఉన్నాది కదరా. నాకు ఆయనది కావాల," అంది.

వాడు మళ్లీ పాట కట్టలేదు. కట్టమని ఎవరూ అనలేదు కూడా. రిలీజైన పాట మాత్రం ఇంకా ఉంది. రోజూ ఏదో ఊళ్లో ఎవరో ఒకరు వింటూనే ఉన్నారట, వాళ్లకు అందులో ఏ లోటూ కనిపించదు. మా అక్క దాని ఊసెత్తదు. కాలం ఎవరి కోసమూ ఆగదని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను, దానికి నాకు కోపం లేదు. అది కెరటంలా వెనక్కి తీసేటప్పుడు బిగబట్టి నిలిచే ఆ కాస్త జాగాను కూడా మా చేతులతోనే కోసి పారేసుకున్నాం, ఇప్పుడు మనుషులు ఒకరి వెనక ఒకరు కొట్టుకుపోతుంటే ఆయాసంతో చూస్తున్నాను.